అటక నిచ్చెన ఎక్కేముందు

తెలుగులో ఒక పని 'అటకెక్కింది' అంటే ఇక దాన్ని మరిచిపోవచ్చని అర్థం. అమెరికాలో ఇల్లు కొనుక్కున్న మనవాళ్ళ సామాన్ల విషయంలో ఈ మాట అక్షరాలా నిజం. ఇండియా ప్రయాణాల సూట్‌కేసులు, బొమ్మల కొలువు పెట్టెలు, పిల్లల ఊయల, టీవీ కొన్నప్పటి అట్టపెట్టె అన్నీ అట్టిక్‌లోకి చేరతాయి. సామాన్లు ఎక్కాయంటే వాటిని మోసుకుంటూ మనమూ ఎక్కామన్నమాటే. సీలింగ్‌లోంచి వేలాడే తాడు లాగగానే తలుపు తెరుచుకుని, మూడు మడతలు విప్పుకుని కిందకి దిగే ఆ నిచ్చెన గురించి మాత్రం మనం ఒక్క నిమిషం కూడా ఆలోచించం. అది దిగింది కాబట్టి బాగానే ఉందనుకుంటాం.

నేనూ అలాగే అనుకున్నాను. కొన్నేళ్ళ క్రితం సంక్రాంతికి రెండు రోజుల ముందు "ఏమండీ, బొమ్మల పెట్టెలు దింపుతారా, మళ్ళీ రేపు మీకు మీటింగులంటారు" అంది మా ఆవిడ. మూడో మెట్టు మీద కాలు పెట్టేసరికి పైనెక్కడో 'టక్' మని చప్పుడైంది. తల ఎత్తి చూస్తే సీలింగ్‌కీ, నిచ్చెన చట్రానికీ మధ్య వేలు పట్టేంత సందు కనిపించింది. మెల్లగా దిగి టార్చిలైటు వేసి చూశాను. చట్రాన్ని దూలాలకి బిగించినవి నల్లటి డ్రైవాల్ స్క్రూలు. రెండింటికి తలకాయలు లేవు. ఆ నిచ్చెన మీద అయిదేళ్ళుగా నేను సూట్‌కేసులు మోస్తున్నాను!

ఆ తరవాత నాలుగైదు ఇళ్ళలో మిత్రుల నిచ్చెనలు కూడా చూశాను. తయారీదార్ల సూచనల కాగితాలు చదివాను. నాకు అర్థమైనది ఒక్క వాక్యంలో చెప్పాలంటే: ఈ నిచ్చెనల్లో ప్రమాదం సాధారణంగా నిచ్చెనలో ఉండదు, దాన్ని పట్టుకున్న మేకుల్లోనూ నేలకి ఆనిన కొసల్లోనూ ఉంటుంది. ఈ రెండూ చూసుకోవడానికి అరగంట చాలు.

మన నిచ్చెనకీ దీనికీ తేడా

మా ఊళ్ళో అటకెక్కాలంటే పెరట్లోంచి నిచ్చెన తెచ్చి గోడకి ఆనించేవాళ్ళు. మా నాన్నగారు రెండు చేతులతో పట్టుకుని ఒకసారి కుదిపి, కింద ఒకరిని పట్టుకోమని, అప్పుడు ఎక్కేవారు. ఆ నిచ్చెన మొత్తం కళ్ళ ముందుండేది. పై కొస దేనికి ఆనిందో, కింది కొస ఎక్కడుందో కనిపించేది.

అమెరికా వాళ్ళ మడత నిచ్చెన అలా కాదు. స్థలం కలిసి రావాలని పుట్టిన సరుకు ఇది. ఒహాయోలోని ఆక్రన్‌కి చెందిన బెస్లర్ కంపెనీ గత శతాబ్దం మొదట్లోనే ఇలాంటి 'మాయమయ్యే మెట్లు' అమ్మింది. వాడుకున్నాక సీలింగ్‌లో కలిసిపోవడమే దాని గొప్ప. ఇబ్బంది కూడా అక్కడే ఉంది. అసలు బరువు మోసే భాగం ట్రిమ్ వెనక, చట్రం పక్కన దాక్కుని ఉంటుంది. కుదిపి చూసే అలవాటు మనకి పోయింది.

బరువు ఎటు పోతుంది?

సీలింగ్‌లో ఒక పొడుగాటి రంధ్రం ఉంటుంది. అందులో చెక్క చట్రం బిగిస్తారు. చట్రానికి ఒక చివర కీళ్ళతో ప్లైవుడ్ తలుపు, తలుపు మీద మూడు ముక్కల నిచ్చెన, రెండు పక్కలా ఇనప చేతులు, వాటికి స్ప్రింగులు ఉంటాయి. స్ప్రింగులు తలుపు దబ్బున పడకుండా ఆపడానికీ, మూసేటప్పుడు సాయపడడానికీ మాత్రమే. మన బరువు మోయడం వాటి పని కాదు.

మనం మెట్టెక్కితే బరువు రెండు దారుల్లో పోతుంది. కొంత పక్క బద్దల వెంట కిందికి దిగి నేలలోకి పోతుంది. మిగిలింది కీళ్ళు, ఇనప చేతుల ద్వారా చట్రానికి, చట్రం నుంచి మేకుల ద్వారా ఇంటి దూలాలకి పోతుంది. మేకులు సరిగా లేకపోతే రెండో దారి తెగుతుంది. కింది కొసలు నేలకి ఆనకపోతే మొదటి దారి తెగుతుంది, మొత్తం బరువు రెండో దారి మీద పడుతుంది. రెండూ బాగా లేని ఇళ్ళు కూడా ఉన్నాయి, మాది ఒకటి.

దుకాణాల్లో దొరికే చాలా నిచ్చెనలకి కావలసిన రంధ్రం వెడల్పు ఇరవై రెండున్నర అంగుళాలు. ఇదెక్కడి లెక్క అనుకునేవాణ్ణి. కప్పుని మోసే ట్రస్‌లు 24 అంగుళాల ఎడంలో ఉంటాయి. ఒక్కో చెక్క మందం ఒకటిన్నర అంగుళం. 24 లోంచి ఒకటిన్నర తీసేస్తే మిగిలేది ఇరవై రెండున్నర. అంటే ట్రస్‌ల వెంబడి పెడితే ఏ చెక్కనీ కొయ్యకుండా నిచ్చెన సరిగ్గా ఇముడుతుంది. అడ్డంగా పెట్టాలని ట్రస్ కోశారా, అది కప్పు మోసే లెక్కనే మార్చేస్తుంది. మీ అటకలో నిచ్చెన పక్కన మొండిగా కోసేసిన ట్రస్ కనిపిస్తే అది హ్యాండీమాన్ పని కాదు, స్ట్రక్చరల్ ఇంజనీరుని పిలవాల్సిందే. ట్రస్‌లు కాకుండా మామూలు దూలాలున్న పాత ఇళ్ళలో 16 అంగుళాల ఎడం ఉంటుంది కాబట్టి ఒక దూలం కోయక తప్పదు. అక్కడ కోసిన కొసలకి అడ్డంగా జంట చెక్కలు వేసి, పక్క దూలాలకి బలం ఇచ్చారా అని చూడాలి.

మేకుల పరీక్ష

చాలామంది తయారీదార్లు చెక్క నిచ్చెనకి అడిగేది సిక్స్‌టీన్ పెన్నీ మేకులు, అంటే మూడున్నర అంగుళాలవి, లేకపోతే పావు అంగుళం లావు, మూడు అంగుళాల పొడవు ఉన్న లాగ్ స్క్రూలు. కీళ్ళ పట్టీలకీ, ఇనప చేతుల పలకలకీ ఉన్న రంధ్రాల్లోంచి కూడా ఇవి చట్రం దాటి దూలంలోకి దిగాలి. ఏ రంధ్రం ఎందుకు పెట్టారో కాగితంలో బొమ్మ వేసి చూపిస్తారు.

మరి కనిపించేవేమిటి? తలకాయ లేనట్టుండే సన్నటి ఫినిషింగ్ మేకులు, లేకపోతే డ్రైవాల్ స్క్రూలు. డ్రైవాల్ స్క్రూ గట్టి ఉక్కే, కాని పెళుసు. జిప్సం పలకని పట్టుకోవడానికి చేసినది. పక్క నుంచి బరువు పడితే వంగదు, విరుగుతుంది. అది కూడా ముందు చెప్పకుండా విరుగుతుంది.

ఇలా ఎందుకు జరుగుతుందంటే, చట్రాన్ని ఎత్తి పట్టుకుని సరిచెయ్యడానికి ముందు నాలుగు చిన్న మేకులు తాత్కాలికంగా కొడతారు. తరవాత అసలు మేకులు కొట్టాలి. ఈలోగా తలుపు తెరుచుకుంటుంది, మూసుకుంటుంది, పనివాడు ఇంకో ఇంటికి వెళ్ళిపోతాడు. 'డెమో కోసం తాత్కాలికంగా పెట్టాను' అన్న కోడు పదేళ్ళపాటు ప్రొడక్షన్‌లో నడవడం చూసినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు.

పరీక్ష నిచ్చెన మీంచి కాదు, దాని పక్కన వేసుకున్న మామూలు స్టెప్ లాడర్ మీంచి చెయ్యాలి. తలుపు తెరిచి, టార్చిలైటుతో చట్రం లోపలి వైపు నాలుగు పక్కలా చూడండి. ముఖ్యంగా కీళ్ళున్న చివర చూడండి. లావుపాటి గుండ్రటి మేకు తలలో, ఆరు పలకల లాగ్ స్క్రూ తలలో కనిపిస్తే సంతోషం. నల్లటి ప్లస్ గుర్తు స్క్రూలే ఉంటే, ఖాళీ రంధ్రాలుంటే, చట్రం దూలం నుంచి విడివడినట్టుంటే ఎక్కడం ఆపెయ్యండి. చట్రానికీ దూలానికీ మధ్య ఖాళీ ఉన్న చోట్ల, మేకు పోయే దగ్గర చెక్క చీలికలు దూర్చారా అన్నది కూడా ముఖ్యం. అవి లేకపోతే మేకు బిగించినకొద్దీ చట్రం వంగుతుంది.

కింది కొసల పరీక్ష

కొత్త నిచ్చెన కావలసిన దానికన్నా పొడుగ్గా వస్తుంది. ఇంటి ఎత్తుని బట్టి కింది ముక్కని కోసుకోవాలి. సరిగా కోస్తే మూడు ముక్కలూ ఒకే గీతలో నిలుస్తాయి, రెండు మడతల దగ్గరా చెక్కకి చెక్క పూర్తిగా ఆనుతుంది, రెండు కాళ్ళూ నేల మీద బల్లపరుపుగా కూర్చుంటాయి. పక్కన నుంచుని చూడండి. మడత దగ్గర కాగితం దూరేంత కన్నా ఎక్కువ సందుంటే కోత తప్పిందన్నమాట. పొట్టిగా కోస్తే కాళ్ళు గాలిలో ఉంటాయి, ఎక్కగానే కీళ్ళూ చట్రమూ వంగి అప్పుడు నేలని తాకుతాయి. పొడుగ్గా వదిలేస్తే మడత దగ్గర నిచ్చెన విరుచుకున్నట్టు ఉంటుంది. రెంటిలోనూ చెక్క మోయవలసిన బరువు కీళ్ళ రివెట్ల మీద పడుతుంది.

ఇక్కడ మనవాళ్ళ ఇళ్ళలో ప్రత్యేకంగా జరిగే సంగతి ఒకటుంది. మనకి కార్పెట్ నచ్చదు. ఇల్లు కొన్న రెండేళ్ళలో కార్పెట్ పీకించి హార్డ్‌వుడ్డో, టైలో వేయిస్తాం. దాంతో నేల ఎత్తు కొంచెం మారుతుంది. కార్పెట్ కింద మెత్తతో సహా పోయి పలుచటి లామినేట్ వస్తే, నిన్నటి దాకా నేలకి ఆనిన నిచ్చెన ఇవాళ పొట్టిదైపోతుంది. మందమైన టైల్ వస్తే పొడుగుదైపోతుంది. నేల వేసినవాడికి నిచ్చెన గురించి తెలియదు, మనకి తట్టదు. నిచ్చెన కింద నేల మార్పించినవాళ్ళు ఈ పరీక్ష తప్పక చేయాలి.

గరాజ్‌లో నిచ్చెన ఉన్నవాళ్ళకి ఇంకో చిక్కు. నీళ్ళు బయటికి పోవడానికి గరాజ్ నేల తలుపు వైపు వాలుగా పోస్తారు. కాబట్టి రెండు కాళ్ళ పొడవూ ఒకటి కాకపోవచ్చు. కోసేటప్పుడు ప్రతి కాలికీ ముందు అంచు, వెనక అంచు విడివిడిగా కొలవాలి. పొట్టిదైన కాలు కింద పుస్తకమో, చెక్కముక్కో దూర్చడం మరమ్మత్తు కాదు. ఒకరోజు అది జారుతుంది.

మిగతా భాగాలు

ప్రతి మెట్టునీ దగ్గరగా చూడండి. పక్క బద్దలతో కలిసే చోట పగులు పట్టిన మెట్టు ఉంటే దాన్ని వాడకూడదు, జిగురు పెట్టి సరిపెట్టకూడదు. చాలా చెక్క నిచ్చెనల్లో మెట్టు కింద ఒక ఇనప కడ్డీ ఉంటుంది, అది వదులుగా ఊగుతోందేమో చూడండి. చెక్క వానాకాలం ఉబ్బి, చలికాలం ఎండి ముడుచుకుంటుంది కాబట్టి నట్లు వాటంతట అవే వదులవుతాయి. ఏడాదికోసారి అన్నీ బిగించాలి. అయితే కదిలే కీలు దగ్గర నట్టు మరీ బిగిస్తే మడత పడదు, కదలనిచ్చేంత మాత్రం వదలాలి.

స్ప్రింగులు రెండూ ఒకేలా సాగాలి. తలుపు ఒక పక్కకి ఒరుగుతున్నా, దబ్బున పడుతున్నా స్ప్రింగు అలిసిపోయిందని అర్థం. తలుపు తెరిచి ఉన్నప్పుడు ఆ స్ప్రింగు సాగి ఉంటుంది, అప్పుడు కొక్కెం విప్పితే ముఖాన కొడుతుంది. మార్చేటప్పుడు జంటగా మార్చాలి, అలవాటు లేకపోతే తెలిసినవాళ్ళ చేత చేయించాలి.

బరువు లెక్క

నిచ్చెన పక్క బద్ద మీద ఒక స్టిక్కర్ ఉంటుంది. దాని మీద ఎంత బరువు మోయగలదో రాసి ఉంటుంది. 250, 300, 350 పౌన్లు సాధారణంగా కనిపించే అంకెలు. అమెరికాలో అటక నిచ్చెనలకి ప్రత్యేకంగా ఆన్సీ ఎ14.9 అనే ప్రమాణం ఉంది. ఆ అంకె మనిషి ఒక్కడిదే కాదు, ఒంటి మీద బట్టలు, చేతిలో పనిముట్లు, భుజాన సామాను అన్నీ కలిపి. ఒకసారికి ఒక్కరే ఎక్కాలన్నది కూడా అందులో భాగం.

ఇప్పుడు మన పద్ధతి చూడండి. ఎనభై కిలోల మనిషి అంటే 176 పౌన్లు. చేతిలో సూట్‌కేసు, విమానంలోకి ఎక్కించే లెక్కన 50 పౌన్లు. మొత్తం 226. 250 పౌన్ల నిచ్చెనకి ఇంకా 24 పౌన్లే మిగిలాయి. సూట్‌కేసు పైకి అందడం లేదని వెనకాల ఇంకొకరు రెండు మెట్లెక్కి తోస్తారు. వాళ్ళు 130 పౌన్లున్నా మొత్తం 356 అయింది. హద్దు దాటింది ఒక్క పౌనుతో కాదు, నూరు దాటి. మంచి మేకులుంటే ఒక్కోసారి అదీ గట్టెక్కుతుంది, డ్రైవాల్ స్క్రూల మీద గట్టెక్కదు.

సామాను ఖాళీ సూట్‌కేసులైతే పరవాలేదు. బరువైన పెట్టెని రెండు మూడు చిన్న పెట్టెలుగా చెయ్యండి. పైన ఒకరు ముందే కూర్చుని తాడుతో లాగితే, కింద వాళ్ళు నేల మీద నుంచే అందించవచ్చు. ఎక్కినా దిగినా ముఖం మెట్ల వైపే ఉండాలి. ఇంట్లో మెట్లు దిగినట్టు వీపు ఆనించి దిగడం చాలామందికి అలవాటు, అదే జారిపడే దారి.

పైకి వెళ్ళాక

ఎక్కేశాం, గండం గడిచిందనుకోకూడదు. నిచ్చెన పైన చుట్టూ రెయిలింగ్ లేని రంధ్రం ఉంటుంది. సామాను చూస్తూ వెనక్కి రెండడుగులు వేస్తే అందులోకే. నేల పలకలు లేని చోట దూలాల మీదే అడుగెయ్యాలి. మధ్యలో ఉన్నది ఇన్సులేషన్, దాని కింద అర అంగుళం జిప్సం. అది మనిషిని మోయదు. కాలు సీలింగ్‌లోంచి కిందికి వేలాడిన వాళ్ళ కథలు ప్రతి ఊళ్ళోనూ ఉన్నాయి.

మడత నిచ్చెన ఉన్నంత మాత్రాన అటక గోదాము అయిపోదు. ఇళ్ళ నిర్మాణ నియమావళి ఐ.ఆర్.సి. లెక్కలో సామాను పెట్టని అటక చదరపు అడుగుకి 10 పౌన్లు, కొద్దిపాటి సామాను పెట్టేది 20, శాశ్వతమైన మెట్లున్నది 30 పౌన్లు మోసేలా కట్టాలి. పాత పుస్తకాల పెట్టెలు ఒకే చోట పేర్చితే ఆ 20 చటుక్కున దాటుతుంది.

మన వాళ్ళు ఎక్కువగా ఉండే ప్లేనో, ఫ్రిస్కో, అర్వింగ్ లాంటి డాలస్ శివార్లలో ఇళ్ళకి బేస్‌మెంట్ ఉండదు. అందుకని ఫర్నేస్, కొన్ని ఇళ్ళలో నీళ్ళు కాగే హీటర్ కూడా అటకలోనే పెడతారు. అలాంటప్పుడు వాటి దాకా కనీసం 24 అంగుళాల వెడల్పున గట్టి నేల, ముందు 30 అంగుళాల చదరపు చోటు, ఒక దీపం, ఒక ప్లగ్గు ఉండాలని ఐ.ఆర్.సి. చెబుతుంది. ఎ.సి. బాగుచెయ్యడానికి వచ్చిన మనిషి కూడా మీ నిచ్చెన మీదే ఎక్కుతాడని మరిచిపోకండి. టెక్సస్ ఎండాకాలంలో మధ్యాహ్నం అటకలో వేడి 130 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటుతుంది. తెల్లవారుజామున ఎక్కండి, ఇంట్లో ఎవరికైనా చెప్పి ఎక్కండి.

1990కి ముందు కట్టిన ఇల్లయితే, అటకలో గులకరాళ్ళలా మెరిసే బూడిదరంగు ఇన్సులేషన్ కనిపిస్తే కదపకుండా దిగిపోండి. అది వర్మిక్యులైట్ కావచ్చు. మోంటానాలోని లిబ్బీ గని నుంచి వచ్చిన దానిలో ఆస్‌బెస్టాస్ కలిసి ఉండేది. ఆ గని 1990లో మూసేశారు గాని అక్కడి సరుకు ఇంకా ఎన్నో అటకల్లో ఉంది.

గరాజ్ సీలింగ్‌లో నిచ్చెన

ఇది కింద పడే ప్రమాదం కాదు, నిప్పు ప్రమాదం. గరాజ్‌లో కారూ, పెట్రోలూ ఉంటాయి కాబట్టి గరాజ్‌కీ ఇంటి అటకకీ మధ్య కనీసం అర అంగుళం జిప్సం అడ్డు ఉండాలని నియమం. పైన గది ఉంటే 5/8 అంగుళాల టైప్ ఎక్స్ జిప్సం ఉండాలి. మామూలు మడత నిచ్చెన తలుపేమో పలుచటి ప్లైవుడ్. అంటే ఆ అడ్డులో మనమే ఒక కన్నం పెట్టామన్నమాట. నిప్పు తట్టుకునే తలుపున్న నిచ్చెనలు వేరేగా దొరుకుతాయి. ఊరూరికీ నియమాలు మారతాయి కాబట్టి సిటీ వాళ్ళని అడిగి తెలుసుకోవడం మంచిది.

ఇన్‌స్పెక్టర్ చూశాడు కదా!

ఇల్లు కొన్నప్పుడు ఇన్‌స్పెక్షన్ చేయించాం కదా అని చాలామంది అంటారు. అతను చూసే ఉంటాడు, రాసే ఉంటాడు. టెక్సస్ రిపోర్టు ఫారంలో కప్పు నిర్మాణం, అటక అని ఒక భాగమే ఉంది. నలభై పేజీల రిపోర్టులో మనం చదివేది పునాది, కప్పు, ఎ.సి. గురించే. 'అటక నిచ్చెన మేకులు సరైనవి కావు' అన్న ఒక్క పంక్తి ముప్ఫయ్యో పేజీలో ఉండిపోతుంది. నా పాత రిపోర్టు తీసి చూస్తే సరిగ్గా ఆ వాక్యం, ఫోటోతో సహా ఉంది! మీ రిపోర్టు కూడా ఒకసారి తీసి వెతకండి.

తప్పు మేకులు ఒక్కటే లోపమైతే మరమ్మత్తు చిన్నదే. సరైన లాగ్ స్క్రూలు, చెక్క చీలికలు, డ్రిల్లు, తయారీదారు సూచనల కాగితం ఉంటే చాలు. పని జరుగుతున్నంతసేపూ చట్రాన్ని కింద నుంచి ఆపి ఉంచాలి, ఒంటరిగా చెయ్యకూడదు. కాళ్ళు పొట్టిగా కోసేసి ఉంటే, కీళ్ళు వంగితే, మెట్లు పగిలితే మొత్తం నిచ్చెన మార్చడమే మంచిది. దాని ఖరీదు ఇండియాకి ఒక విమానం టికెట్‌లో చిన్న భాగం. అద్దె ఇంట్లో ఉంటే ఫోటోలు తీసి యజమానికి ఈమెయిల్ రాయండి, బాగుచేసేదాకా ఎక్కకండి.

చివరగా ఒక మాట. మనం ఆఫీసుకి వెళ్ళినప్పుడు, ఊరికే కూర్చోలేక ఇంట్లో ఏదో ఒక పని చేసిపెడదామనుకునే పెద్దవాళ్ళు వేసవిలో మన దగ్గరికి వస్తారు. ఆ తాడు వాళ్ళకీ అందుతుంది. అరవై అయిదేళ్ళ మనిషి ఎనిమిదడుగుల ఎత్తు నుంచి గరాజ్ సిమెంటు మీద పడితే విరిగేది తుంటి ఎముక. విజిటర్ ఇన్సూరెన్సుకి ఎన్ని పరిమితులుంటాయో మనకి తెలియనిది కాదు. మా ఇంట్లో మేకులు మార్చాక నేను చేసిన మొదటి పని తాడుని చిన్నది చేసి, అందడానికి ఒక కొక్కెం కర్ర పెట్టుకోవడం. ఆ కర్ర నా క్లోజెట్‌లో ఉంటుంది.

వచ్చే శనివారం పొద్దున్న కాఫీ అయ్యాక టార్చిలైటు తీసుకోండి. తలుపు తెరవండి, మేకులు చూడండి, పక్కన నుంచుని మూడు ముక్కలూ ఒకే గీతలో ఉన్నాయా చూడండి, నేల దగ్గర వంగి కాళ్ళ కింద కాగితం దూరుతుందేమో చూడండి. స్టిక్కర్ మీద అంకె చదవండి. అన్నీ బాగుంటే అప్పుడు ఎక్కండి.